‘లేదు’, ‘తెలియదు’, ‘కుదరదు’: వైఫై కొలిచిన దూరాన్ని లినక్స్ ఎలా చెబుతుంది

కాంతి ఒక నానోసెకనులో దాదాపు 30 సెంటీమీటర్లు, ఇంచుమించు ఒక అడుగు దూరం వెళ్తుంది. రేడియో తరంగమూ అంతే. ఫోనుకూ వైఫై యాక్సెస్ పాయింటుకూ మధ్య సంకేతం వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని ఆ స్థాయిలో పట్టుకోగలిగితే, జీపీఎస్ అందని భవనాల్లో కూడా మనిషి ఎక్కడున్నాడో ఒకటి రెండు మీటర్ల తేడాతో చెప్పొచ్చు. 2018లో ఆండ్రాయిడ్ 9తో ఫోన్లలోకి వచ్చిన వైఫై ఆర్‌టీటీ (రౌండ్ ట్రిప్ టైమ్, అంటే రానూపోనూ కాలం) చేసే పని ఇదే. దాని వెనక ఉన్న పద్ధతి పేరు ఫైన్ టైమింగ్ మెజర్‌మెంట్, పొట్టిగా ఎఫ్‌టీఎం. అది 802.11-2016 ప్రమాణంలో చేరింది. ఈ పనిలో ఉన్నవాళ్లు ఇప్పటికీ దాన్ని 11ఎంసీ అనే అంటారు.

కొలవడం చిప్, దాని లోపల నడిచే ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటాయి. కొలత కావాలని అడిగే ప్రోగ్రాముకూ ఆ చిప్‌కూ మధ్య కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిగుండె ఉంటుంది. లినక్స్‌లో ఆ మధ్యవర్తి సీఎఫ్‌జీ80211 అనే పొర. బయటి ప్రోగ్రాములు దానితో మాట్లాడే ద్వారం ఎన్‌ఎల్80211. ఈ ద్వారం ఒకసారి తెరిచాక మళ్లీ మూయడానికి వీల్లేదు. ఒక ప్రోగ్రాము దాని మీద ఆధారపడ్డాక, కెర్నెల్ ఎన్నిసార్లు మారినా ఆ ప్రోగ్రాము పనిచేస్తూనే ఉండాలన్నది లినక్స్‌లో రాజీ లేని నియమం. ప్రమాణాలు మాత్రం ఎవరికోసమూ ఆగవు. 11ఎంసీ స్థిరపడేలోపే దాని తర్వాతి తరం 802.11ఏజెడ్ పని నడుస్తోంది, 2023లో అచ్చయింది కూడా. మార్చకూడని ద్వారం గుండా మారుతూనే ఉండే సరుకు పోవాలి.

‘ఎక్స్‌టెన్సిబుల్’ (తర్వాత విస్తరించుకోగలిగినది) అనగానే చాలామందికి రేపు రాబోయేవన్నీ ముందే ఊహించి, వాటికి చోటు పెట్టి ఉంచడం అని స్ఫురిస్తుంది. దూరం కొలిచే ఇంటర్‌ఫేస్‌ను దగ్గరగా చూస్తే అందులో నిలబడ్డ భాగాలకు బలం వేరే చోటి నుంచి వచ్చిందని తెలుస్తుంది. ఈ విలువ లేదు, ఈ విలువ తెలియదు, మీరడిగింది కుదరదు. ఈ మూడు జవాబులనూ కలిపేయకుండా చెప్పగలిగిన చోటల్లా కొత్త తరం సాఫీగా ఒదిగింది. కలిసిపోయే వీలున్న చోట పాత ప్రోగ్రాములకు తెలియకుండానే తప్పుడు జవాబులు వెళ్లే ప్రమాదం ఏర్పడింది.

ఇది లినక్స్ వైర్‌లెస్ కష్టపడి నేర్చుకున్న పాఠం. ఎన్‌ఎల్80211 రాకముందు వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్ అనే పాత ఇంటర్‌ఫేస్ ఉండేది. ప్రతి పనికీ ఒక ఐఓసీటీఎల్ (కెర్నెల్‌కు ప్రోగ్రాము చేసే పిలుపు), ప్రతి ఐఓసీటీఎల్‌కూ కొలతలు ఖాయమైన ఒక స్ట్రక్ట్, అంటే విలువలు ఉంచే గడుల పట్టిక. స్ట్రక్ట్‌లో ప్రతి గడీ ఎప్పుడూ ఉంటుంది, అందులో ఏదో ఒక అంకె ఉండే తీరాలి. చిప్‌ను నడిపే కెర్నెల్ భాగమైన డ్రైవరు ఆ గడిని ముట్టుకోకపోతే సున్నా మిగులుతుంది. ఆ సున్నా కొలిచాక వచ్చిందా, అసలు కొలవలేదా అన్నది చదివేవాడికి తెలిసే దారి లేదు. కొత్త గడి చేర్చాలంటే స్ట్రక్ట్ పరిమాణం మారుతుంది, దాంతో వెర్షన్ నంబరు పెరుగుతుంది. ఆ నంబర్లు 22 దాకా వెళ్లాయి. రేంజ్ అనే స్ట్రక్ట్‌లో డ్రైవరును ఏ వెర్షన్‌తో కంపైల్ చేశారు, ఏ వెర్షన్ కోసం రాశారు అని రెండు వేర్వేరు గడులు పెట్టాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది. పైగా కొన్ని స్ట్రక్ట్‌లలో పాయింటర్లు, అంటే మెమరీ చిరునామాలు ఉండేవి. 64 బిట్ కెర్నెల్ మీద 32 బిట్ ప్రోగ్రాము నడిపితే లెక్కలు తప్పేవి. 2008 జనవరిలో 2.6.24 కెర్నెల్‌తో వచ్చిన ఎన్‌ఎల్80211 ఈ స్ట్రక్ట్‌లను వదిలేసి, కెర్నెల్‌కూ ప్రోగ్రాములకూ మధ్య సందేశాలు మోసే నెట్‌లింక్ అట్రిబ్యూట్లకు మారింది. ఒక్కో విలువకూ దాని నంబరు, దాని పొడవు అంటుకుని ఉంటాయి. పంపాల్సింది ఉంటే పంపుతారు, లేకపోతే ఆ అట్రిబ్యూటే ఉండదు. గడి ఖాళీగా ఉండటం, గడిలో సున్నా ఉండటం అప్పటి నుంచి వేరు వేరు సంగతులయ్యాయి.

దూరం విషయంలో ఈ తేడా ఎందుకు ప్రాణమో తెలియాలంటే ఒక కొలతను విప్పి చూడాలి. యాక్సెస్ పాయింట్ ఒక ఎఫ్‌టీఎం ఫ్రేమ్ పంపి, అది బయలుదేరిన క్షణాన్ని రాసుకుంటుంది. అది టీ1. ఫోను దాన్ని అందుకున్న క్షణం టీ2, తిరుగు రసీదు పంపిన క్షణం టీ3. రసీదు యాక్సెస్ పాయింటుకు చేరిన క్షణం టీ4. టీ1, టీ4 విలువలను యాక్సెస్ పాయింట్ తన తర్వాతి ఫ్రేమ్‌లో ఫోనుకు చెబుతుంది. అందుకే ఎనిమిది ఫ్రేములు పంపితే ఏడు కొలతలే దక్కుతాయి. ఫ్రేమ్‌లో ఈ సమయాలు పికోసెకన్ల లెక్కన ఉంటాయి, ఒక్కోటి 48 బిట్లు.

టీ4 నుంచి టీ1 తీసేస్తే 5,00,40,000 పికోసెకన్లు వచ్చాయనుకుందాం. టీ3 నుంచి టీ2 తీసేస్తే 5,00,00,000. తేడా 40,000 పికోసెకన్లు, అంటే 40 నానోసెకన్లు. అది రానూపోనూ కాలం. సగం చేస్తే 20 నానోసెకన్లు, దూరం సుమారు 6 మీటర్లు. రెండు గడియారాలకూ పొంతన అక్కర్లేదు, ఎవరి తీసివేత వారిదే కాబట్టి. అందం అంతా అక్కడుంది, చిక్కు కూడా అక్కడే ఉంది. 50 మైక్రోసెకన్ల పైన తీసిన లెక్కలో 40 నానోసెకన్లను వెతుకుతున్నాం. రెండు గడియారాల వేగాల మధ్య పది లక్షలకు 20 వంతుల తేడా ఉంటే చాలు, ఆ 50 మైక్రోసెకన్లలోనే ఒక నానోసెకను తప్పు చేరిపోతుంది. దూరంలో అది 15 సెంటీమీటర్లు. యాంటెనా నుంచి చిప్ దాకా ఉన్న తీగల ఆలస్యాన్ని సరిగా సవరించకపోతే ఇంకా ఎక్కువ. ఫోనును యాక్సెస్ పాయింటుకు ఆనించి కొలిస్తే జవాబు మైనస్‌లో రావచ్చు.

మైనస్ దూరం ప్రపంచంలో లేదు. కానీ కొలతలో ఉంది, దాన్ని దాచకూడదు. ఎన్‌ఎల్80211లో సగటు రానూపోనూ కాలం పికోసెకన్లలో, సగటు దూరం మిల్లీమీటర్లలో, రెండూ ప్లస్, మైనస్ గుర్తు ఉన్న 64 బిట్ అంకెలుగా ఉండటానికి నా లెక్కన ఇదే పెద్ద సమర్థన. దూరం కదా, మైనస్ ఎందుకు అని గుర్తు లేని అంకె పెట్టి ఉంటే డ్రైవర్లు మైనస్ వచ్చినప్పుడల్లా సున్నా రాసేవి. అప్పుడు పక్కనే ఉన్నాడన్న జవాబూ కొలత చెడిందన్న జవాబూ ఒకే సున్నాలో కలిసేవి. వంద కొలతల సగటు తీసుకునే పై ప్రోగ్రాముకు సున్నా దగ్గర కత్తిరించిన కొలతలు ఇస్తే దాని సగటు ఎప్పుడూ పైకే వాలుతుంది.

ఇంకో నిర్ణయం నన్ను ఆకట్టుకుంటుంది. ఫలితంలో రానూపోనూ కాలం తప్పనిసరి కాదు, దూరమూ తప్పనిసరి కాదు. కానీ రెండింటిలో ఒకటి ఉండే తీరాలి. కాలాన్ని మాత్రమే ఇచ్చే చిప్‌ను దూరం కూడా చెప్పమని బలవంతపెట్టరు. ఫర్మ్‌వేర్ లోపలే దూరం లెక్క కట్టేసి ముడి కాలాన్ని బయటికి ఇవ్వని చిప్‌కూ చోటుంటుంది. కెర్నెల్ మధ్యలో దూరి ఒకదాని నుంచి ఇంకోటి లెక్కేసి పెట్టదు. అలా చేస్తే ఏది కొలిచినది, ఏది కట్టినది అన్న ఆనవాలు చెరిగిపోతుంది. డ్రైవరు వైపు స్ట్రక్ట్‌లో, లేకపోయినా ఫరవాలేదన్న చాలా విలువల పక్కన ‘ఇది చెల్లుతుంది’ అని చెప్పే ఒక బిట్ ఉంది. ఎన్నిసార్లు ప్రయత్నించాం, ఎన్ని సఫలమయ్యాయి, సిగ్నల్ బలం సగటు ఎంత, కాలాల విస్తృతి ఎంత, అన్నిటికీ అదే ఏర్పాటు. బిట్ వెలగకపోతే ఆ అట్రిబ్యూట్ అసలు బయటికే పోదు. చదివేవాడు సున్నాను చూసి మోసపోయే అవకాశం లేదు.

సున్నాకు రెండు అర్థాలు తగిలే ఒక చోట అతుకు కనిపిస్తుంది. చిప్ తన పరిమితులను చెప్పే కేపబిలిటీల్లో ‘ఒక్కో బర్స్ట్‌లో (వరసగా ఒక విడతలో పోయే ఫ్రేముల గుంపులో) గరిష్ఠంగా ఎన్ని ఫ్రేములు’ అన్న గడికి సున్నా అంటే పరిమితి లేదని. బర్స్ట్‌ల సంఖ్య గడికి మాత్రం పరిమితి లేదనడానికి మైనస్ ఒకటి. చూడటానికి అపశ్రుతిలా ఉంటుంది. కారణం ప్రమాణంలోనే ఉంది. బర్స్ట్‌ల సంఖ్యను 11ఎంసీలో రెండుకు ఘాతంగా చెబుతారు. ఘాతం సున్నా అంటే ఒక బర్స్ట్, అది నూటికి నూరుపాళ్లు సరైన విలువ. 15 అంటే నాకు ఏదైనా సమ్మతమే, నువ్వే నిర్ణయించు అని. సున్నా అప్పటికే ఒక అర్థం మోస్తోంది కాబట్టి ‘లేదు’ అనడానికి గుర్తు ఇంకోచోట వెతుక్కోవలసి వచ్చింది. పరిమితి లేకపోతే ఆ అట్రిబ్యూటే పంపకపోవడం బయటి ఇంటర్‌ఫేస్‌లో కుదురుతుంది. లోపల సీ భాషలో రాసిన స్ట్రక్ట్‌లో గడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అక్కడ ఇలాంటి సర్దుబాట్లు తప్పవు. పాత స్ట్రక్ట్‌ల జబ్బు పూర్తిగా పోలేదు, ఎప్పుడైనా మార్చుకోగలిగిన లోపలి గదికి పరిమితమైంది.

ఇప్పుడు అడిగే వైపుకు వద్దాం. 2018 చివర్లో లినక్స్ వైర్‌లెస్ కోడ్‌ను చూసుకునే యోహానెస్ బెర్గ్ చేర్చి, 2019లో 5.0 కెర్నెల్‌తో బయటికి వచ్చిన ఈ ఇంటర్‌ఫేస్‌కు పేరు ‘ఎఫ్‌టీఎం’ అని పెట్టలేదు, ‘పీర్ మెజర్‌మెంట్’ అని పెట్టారు. పేరులోనే ఒక విభజన ఉంది. ఎవరితో కొలవాలి అన్నది ఒక పొర, ఏం కొలవాలి అన్నది దాని లోపలి పొర. అభ్యర్థన పెట్టెలో పెట్టెలా ఉంటుంది. పై పెట్టెలో పీర్ల, అంటే ఎవరితో కొలవాలో ఆ పరికరాల జాబితా. ఒక్కో పీర్ పెట్టెలో దాని చిరునామా, అది ఉన్న చానల్, దానికి పెట్టే అభ్యర్థన. చానల్ వర్ణనకు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. ఎన్‌ఎల్80211లో అప్పటికే ఉన్న చానల్ అట్రిబ్యూట్లనే లోపల పెట్టారు కాబట్టి కొత్త బ్యాండ్‌విడ్త్‌లు మిగతా వైఫైకి వస్తే దీనికీ వస్తాయి. అభ్యర్థన లోపల ఇంకో పెట్టె, దాని నంబరే కొలత రకం. ఎఫ్‌టీఎం నంబరు ఒకటి. సున్నా ఎప్పటికీ చెల్లని రకంగా పక్కన పెట్టేశారు. కెర్నెల్‌కు తెలియని రకం నంబరుతో పెట్టె వస్తే, ఆ కొలత రకానికి మద్దతు లేదని మాటల్లో చెప్పి, తప్పు ఏ అట్రిబ్యూట్‌లో ఉందో చూపించి తిప్పి పంపుతుంది. తప్పును ఇలా వేలెత్తి చూపే సౌకర్యం నెట్‌లింక్‌కు 2017లో 4.12తో వచ్చింది. అంతకుముందు ఎక్కువగా ‘చెల్లని ఆర్గ్యుమెంట్’ అన్న కోడ్ ఒక్కటే వచ్చేది. నలభై అట్రిబ్యూట్లలో ఏది చెల్లలేదో డెవలపరు ఒక్కొక్కటీ తీసి చూసుకుంటూ పోవాలి.

ఫలితాలు కూడా అదే పెట్టెల వరుసలో వెనక్కి వస్తాయి. అడగటానికీ చెప్పడానికీ ఒకే అట్రిబ్యూట్ల కుటుంబం వాడారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అడిగేవాడు పొరపాటున ఫలితం గడిని నింపి పంపితే? వచ్చిన అట్రిబ్యూట్లు చెల్లుతాయో లేదో తేల్చే వ్యాలిడేషన్ పాలసీలో ఆ గడులను తిరస్కరించే రకంగా గుర్తు పెట్టారు. నింపితే అభ్యర్థన మొత్తం వెనక్కి పోతుంది. చూసీ చూడనట్టు వదిలేసి ఉంటే, ఇవాళ ఎవరో చెత్త విలువతో పంపిన ప్రోగ్రాము రేపు ఆ గడికి అభ్యర్థనలోనూ అర్థం కల్పించాలనుకున్న రోజున అడ్డం వచ్చేది. ఇవాళ కుదరదని చెప్పినదాన్నే రేపు కుదురుతుందని మార్చుకోగలం. ఇవాళ పట్టించుకోకుండా వదిలేసినదాన్ని తర్వాత ఎవరూ కదపలేరు.

అసలు పరీక్ష 11ఏజెడ్ రూపంలో వచ్చింది. కొత్త ప్రమాణంలో కొలత జరిగే తీరే మారిపోయింది. పాత పద్ధతిలో ఫ్రేమూ రసీదూ అందరితో పాటు గాలిలో పోటీపడి చోటు సంపాదించుకునేవి. కొత్తగా రెండు దారులు వచ్చాయి. ట్రిగ్గర్ ఆధారిత దారిలో యాక్సెస్ పాయింట్ ఒకేసారి చాలా పరికరాలను పిలిచి కొలుస్తుంది. ట్రిగ్గర్ లేని దారిలో రెండు పరికరాలూ డేటా ఏమీ మోయని సౌండింగ్ ప్యాకెట్లను మార్చుకుంటాయి. 2020లో లినక్స్ ఈ రెండింటినీ ఎఫ్‌టీఎం పెట్టెలోనే రెండు జెండాలుగా (ఉంటే అవును, లేకపోతే కాదు అనే అట్రిబ్యూట్లుగా) చేర్చింది. ఏ జెండా లేకపోతే పాత పద్ధతి. 2018లో రాసిన ప్రోగ్రాముకు ఈ జెండాల సంగతే తెలియదు, అది వాటిని పంపదు. పంపకపోవడానికి అర్థం ముందు ఏముందో తర్వాతా అదే. రెండు జెండాలూ కలిపి పంపితే కుదరదంటుంది. జెండా పెట్టి, ప్రియాంబుల్ (ఫ్రేమ్ మొదట్లో వచ్చే సంకేత భాగం) మాత్రం పాత తరానిది అడిగితే, పాత పద్ధతి కాని కొలతకు హెచ్ఈ, అంటే వైఫై 6 తరం ప్రియాంబుల్ ఉండాల్సిందేనని చెప్పి తిప్పి పంపుతుంది.

కొత్త రకానికి రెండో నంబరు ఇవ్వకుండా పాత పెట్టెలోనే జెండాలు వేయడం సరైన నిర్ణయమేనా? వాదించడానికి చోటుంది. ప్రమాణం దృష్టిలో ఇవన్నీ ఎఫ్‌టీఎం విస్తరణలే. ఫలితంలో వచ్చేవీ అవే: కాలం, దూరం, విస్తృతి. పై ప్రోగ్రాము ఫలితాలను చదివే కోడ్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఆ లెక్కన జెండాలే మేలు. కానీ అభ్యర్థనలో ఉన్న బర్స్ట్‌ల సంఖ్య, బర్స్ట్ వ్యవధి, వంద మిల్లీసెకన్ల లెక్కన చెప్పే బర్స్ట్ పీరియడ్ 11ఎంసీ ఊహల నుంచి పుట్టినవి. ట్రిగ్గర్ లేని కొలతలో బేరం వేరే మాటల్లో నడుస్తుంది. రెండు కొలతల మధ్య కనీసం ఎంత ఎడం ఉండాలి, గరిష్ఠంగా ఎంత ఉండొచ్చు అని. పాత గడులు ఉన్నాయి, వాటి అర్థం మాత్రం కొత్త ఇంటికి సరిగా కుదరదు. ఫలితం వైపు సాఫీగా ఒదిగి అభ్యర్థన వైపు పట్టేయడం ఈ నిర్ణయానికి చెల్లించిన ధర. ఫలితం వైపు భౌతిక రాశుల మాటల్లో ఉంది, అభ్యర్థన వైపు ఒక ప్రోటోకాల్ మాటల్లో ఉంది. పికోసెకన్లకు కొత్త తరం రాదు, బర్స్ట్‌లకు వస్తుంది.

ఆ తర్వాత ఎల్‌ఎంఆర్ (లొకేషన్ మెజర్‌మెంట్ రిపోర్ట్, అంటే కొలత నివేదిక) ఫీడ్‌బ్యాక్ అనే ఇంకో జెండా వచ్చింది. పాత పద్ధతిలో దూరం తెలిసేది అడిగిన ఫోనుకు మాత్రమే. యాక్సెస్ పాయింటు దగ్గర సగం సమయాలే ఉంటాయి కాబట్టి అది లెక్క కట్టలేదు. 11ఏజెడ్‌లో ఫోను తన సగాన్ని కూడా వెనక్కి పంపొచ్చు. అప్పుడు యాక్సెస్ పాయింటుకూ ఫోను ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. దీన్ని మామూలు కొత్త సౌకర్యంగా తీసుకోవడానికి లేదు, మనిషి జాడ ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్న ఇది. అందుకే అది అడిగితేనే జరిగేదిగా, ఆ జెండా లేకపోతే జరగనిదిగా ఉండటం సరైన పని. కొత్త జెండా చేర్చేటప్పుడు ‘లేకపోతే పాత ప్రవర్తన’ అన్న నియమం పాత ప్రోగ్రాములను కాపాడటానికి పుట్టింది, ఇక్కడ ఆ ప్రోగ్రాములు వాడే మనుషులను కూడా కాపాడింది. అదే కారణానికి ఫలితాలు కూడా చాటింపు వేసినట్టు అందరు వినేవాళ్లకూ పోవు. అడిగిన సాకెట్ (ప్రోగ్రాము కెర్నెల్‌తో మాట్లాడే లైను) ఏదో కెర్నెల్ గుర్తుంచుకుని దానికే పంపుతుంది. ఆ సాకెట్ మూసేస్తే, అడిగిన ప్రోగ్రాము చచ్చిపోయినా సరే, కొలత ఆగిపోతుంది. కొలతలప్పుడు పరికరాన్ని గుర్తుపట్టించే ఎంఏసీ చిరునామాను మార్చి మార్చి వాడే వీలు కూడా మొదటి రోజు నుంచే ఉంది.

ఇంత జాగ్రత్తలోనూ ఒక పాత రంధ్రం మిగిలింది. నెట్‌లింక్ చాలాకాలం పాటు తనకు తెలియని అట్రిబ్యూట్‌ను చూస్తే నోరెత్తకుండా దాటేసేది. కొత్త ప్రోగ్రాము పాత కెర్నెల్ మీద నడిచినా పడిపోకూడదన్న మంచి ఉద్దేశంతోనే. దూరం విషయంలో అదే చెడు చేస్తుంది. ట్రిగ్గర్ లేని కొలత కావాలని జెండాతో అడిగారు. కెర్నెల్ పాతది, జెండాను దాటేసింది, పాత పద్ధతిలో కొలిచింది, జయప్రదం అని ఫలితం ఇచ్చింది. అంకె చూడటానికి బాగానే ఉంటుంది. అడిగింది ఇది కాదని ఎక్కడా రాసి ఉండదు. 2019లో 5.2తో నెట్‌లింక్‌కు కఠిన వ్యాలిడేషన్ వచ్చింది. పాత అట్రిబ్యూట్లను దాని కిందికి తేవడం కుదరలేదు, ఏ ప్రోగ్రాము ఏ చెత్త పంపుతోందో ఎవరికి తెలుసు. అందుకే ఫలానా నంబరు తర్వాత పుట్టిన అట్రిబ్యూట్లకే కఠిన నియమం అని గీత గీశారు. గీతకు ముందు పుట్టినవాటికి మార్గం ఒక్కటే: అడిగే ముందు కేపబిలిటీ చూసుకోవాలి. ట్రిగ్గర్ ఆధారితం వచ్చా, ట్రిగ్గర్ లేనిది వచ్చా, ఏ ప్రియాంబుల్స్, ఏ బ్యాండ్‌విడ్త్‌లు, ఒకేసారి ఎంతమంది పీర్లు అన్నవన్నీ పరికరం ముందే ప్రకటిస్తుంది. పాత కెర్నెల్‌కు కొత్త కేపబిలిటీ ప్రకటించడం చేతకాదు కాబట్టి, ప్రకటన లేకపోవడమే జవాబు. ఈ అడుగును దాటవేసే ప్రోగ్రాములు చాలాకాలం బాగానే నడుస్తాయి, అదే ప్రమాదం.

కొలత విఫలమైనప్పుడు వచ్చే కారణాల పట్టికను కూడా చూడదగ్గది అంటాను. జవాబు రాలేదు, అవతలివాడు నిరాకరించాడు, వేరే చానల్‌లో ఉన్నాడు, అతనికి ఆ శక్తి లేదు, సమయాలు చెల్లవు, ఇప్పుడు తీరిక లేదు. తీరిక లేదన్నప్పుడు ఎన్ని సెకన్ల తర్వాత మళ్లీ రమ్మన్నాడో కూడా వస్తుంది. ఒక షాపింగ్ మాల్‌లో దారి చూపే యాప్‌కు ఇవి ఒకదానికొకటి సంబంధం లేని పరిస్థితులు. శక్తి లేని యాక్సెస్ పాయింటును జాబితాలోంచి తీసేయాలి. తీరిక లేనిదాన్ని చెప్పిన సమయానికి మళ్లీ పలకరించాలి. జవాబు రానిదాని విషయంలో మనిషి నడుచుకుంటూ పోయి దూరమయ్యాడేమో చూడాలి. పట్టికలో మొదటి కారణం ‘చెప్పలేం’. ఫర్మ్‌వేర్ కారణం చెప్పకపోతే కెర్నెల్ ఊహించి ఏదో ఒకటి అంటగట్టకుండా ఉండటానికి ఆ గడి ఉంది.

2023లో 6.4 కెర్నెల్‌తో, గాలి లేకుండానే వైఫైని నటించే మ్యాక్80211 హెచ్‌డబ్ల్యూసిమ్ డ్రైవరుకు కూడా పీర్ మెజర్‌మెంట్ వచ్చింది. ఏ రేడియో చిప్ లేని యంత్రం మీద, పరీక్ష రాసేవాడు కావాలనుకున్న దూరాన్ని, కావాలనుకున్న వైఫల్యాన్ని ఈ ఇంటర్‌ఫేస్ గుండా పంపి, పై ప్రోగ్రాము ఏం చేస్తుందో చూడొచ్చు. మైనస్ 300 మిల్లీమీటర్లు పంపి చూడటం మంచి మొదటి పరీక్ష. రెండో పరీక్షగా దూరం అట్రిబ్యూట్ లేకుండా కాలం మాత్రమే పంపాలి. ఆ యాప్ తెర మీద అప్పుడు ‘0 మీ.’ అని కనిపిస్తే, కెర్నెల్ ఇన్ని పొరల్లో విడదీసి తెచ్చినదాన్ని చివరి పొర మళ్లీ కలిపేసిందన్నమాట.